బోస్టన్‌లో మా అమ్మమ్మ దోటి

ఒడిశా-ఆంధ్రా సరిహద్దున ఉన్న మా పర్లాకిమిడిలో ఎండలు ముదిరాయంటే మధ్యాహ్నం పూట పడమటి గాలి లేస్తుంది. కిటికీ రెక్క టపామని కొట్టుకోగానే ఇప్పటికీ నేను లేచి వంటింట్లోకి వెళ్తాను, గ్యాస్ కట్టేసి ఉందా లేదా అని. అరవై దాటిన మనిషికి ఇదేం టెన్షన్ అని మా ఆవిడ అడుగుతుంది. ఈ అలవాటు మా అమ్మమ్మ ఊరి నుంచి వచ్చింది.

ఆ ఊళ్ళో అప్పుడు అన్నీ గడ్డి కప్పిన ఇళ్ళే. ఒకదాని చూరు ఇంకొకదాని చూరుకి తగిలేలా వరసగా ఉండేవి. వైశాఖం వచ్చిందంటే పొద్దెక్కకముందే వంట ముగించాలి. పొయ్యిలో నిప్పుల మీద నీళ్ళు చల్లాలి. గాలి తగ్గేదాకా, అంటే దీపాల వేళ దాకా, మళ్ళీ పొయ్యి రాజెయ్యకూడదు. ఈ కట్టుబాటు ఎక్కడా రాసి లేదు. మిట్టమధ్యాహ్నం ఎవరింట్లోంచి పొగ లేచినా వీధిలో పెద్దలు వెళ్ళి గుమ్మం ముందు నిలబడేవారు, అంతే. 2016 ఏప్రిల్‌లో బీహార్ ప్రభుత్వం పల్లెల్లో పొద్దున్న 9 నుంచి సాయంత్రం 6 వరకు పొయ్యి వెలిగించొద్దని చెప్పినప్పుడు నా స్నేహితులు వింతగా మాట్లాడుకున్నారు. నాకైతే అమ్మమ్మ మాట సర్కారు కాగితం మీదికి ఎక్కినట్టు అనిపించింది.

నాకు ఏడేళ్ళప్పుడు ఆ వరస కాలిపోయింది. ఎవరింట్లో అంటుకుందో అప్పుడు ఒక మాట చెప్పుకున్నారు, తర్వాత ఇంకో మాట చెప్పుకున్నారు. నాకు గుర్తున్నది చప్పుడు. గడ్డి మండే చప్పుడు, వెదురు కణుపులు పేలే చప్పుడు, పశువుల అరుపు. ఆడవాళ్ళు నూతి నుంచి బిందెలు అందిస్తున్నారు. మగవాళ్ళు కొడవళ్ళు పట్టుకుని ఇంకా అంటుకోని ఇళ్ళ మీదికి ఎక్కి గడ్డి కోసి కింద పడేస్తున్నారు. మా అమ్మమ్మ మామిడికాయలు కోసే దోటి పట్టుకొచ్చి, కొక్కేన్ని తన ఇంటి కప్పుకే తగిలించి, బలమంతా పెట్టి లాగింది. నేను ఏడుస్తూ ఆమె కోక పట్టుకుని వేలాడుతున్నాను. కప్పు కూలింది. మంట అక్కడిదాకా వచ్చి ఆగిపోయింది. అటువైపు మిగిలిన ఇళ్ళు దక్కాయి. టౌను నుంచి ఫైరింజను వచ్చేసరికి బూడిద మీద నీళ్ళు కొట్టే పని ఒక్కటే మిగిలింది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, రెండేళ్ళ కిందట అమెరికాలో ఆ దోటిని మళ్ళీ చూశాను.

మా అమ్మాయి బోస్టన్ దగ్గర ఉంటోంది. ఒక శనివారం మమ్మల్ని టీ పార్టీ మ్యూజియానికి తీసుకెళ్ళింది, బ్రిటిష్ పన్నుకి ఎదురుతిరిగి టీ పెట్టెల్ని నీళ్ళలో పారేసిన కథ చెప్పే చోటు అది. నీటి మీద పాత ఓడలు, ముందు పెద్ద క్యూ. అదే కాంగ్రెస్ స్ట్రీట్‌లో ఇంకొంచెం ముందుకి వెళ్తే ఎర్ర ఇటుకల పాత భవనం ఒకటి ఉంది. రెండు ఫైరింజన్ దళాల కోసం 1891లో కట్టిన స్టేషన్ అది. ఇప్పుడు అందులో బోస్టన్ ఫైర్ మ్యూజియం నడుస్తోంది. నడిపేది ఫైర్ సర్వీస్ మీద ప్రేమ ఉన్న మామూలు మనుషులు. వాళ్ళలో జీతం కోసం వచ్చేవాళ్ళు లేరు. పెద్ద హాలు ఒకటి, అందులో పాత బండ్లు, గోడల నిండా హెల్మెట్లు, ఫొటోలు, గంటలు. తొందరగా చూస్తే అరగంట పని. మేము మూడు గంటలు ఉన్నాం.

ఆ గోడ మీద అడ్డంగా తగిలించి ఉంది. రెండు నిలువుల పొడవు కర్ర, కొసకి ఇనుప కొక్కెం. నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. పక్కన నిలబడ్డ పెద్దాయన వచ్చి చెప్పాడు. ఈ కొక్కేలతో ఇంటి పైకప్పు లాగేస్తారట, వెనకటి రోజుల్లో మంటకి దారి లేకుండా చెయ్యడానికి పక్కిళ్ళు కూడా కూల్చేసేవారట. నేను మా అమ్మాయి చేత అమ్మమ్మ సంగతి చెప్పించాను. ఆయన విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత లోపల్నుంచి ఇంకో ఇద్దర్ని పిలుచుకొచ్చి, "ఇంకోసారి చెప్పండి" అన్నాడు. ఎక్కడో గంజాం మన్యం అంచున ఒక ముసలామె తన ఇల్లు తానే కూల్చుకున్న కథని ముగ్గురు అమెరికా పెద్దవాళ్ళు చేతులు కట్టుకుని విన్నారు. మా జిల్లాలో ఆ కథ ఇంతవరకు ఎవరూ అడగలేదు.

ఆ మ్యూజియంలో నన్ను ఎక్కువసేపు పట్టి ఉంచింది గంట. 1852 ఏప్రిల్ 28న బోస్టన్‌లో ప్రపంచంలోనే మొదటి టెలిగ్రాఫ్ అగ్ని హెచ్చరిక వ్యవస్థ పని మొదలుపెట్టింది. విలియం చానింగ్ అనే డాక్టరు, మోజెస్ ఫార్మర్ అనే ఇంజనీరు కలిసి తయారుచేశారు. వీధి మలుపుల్లో ఇనప పెట్టెలు పెట్టారు, ఒక్కో పెట్టెకి ఒక్కో నంబరు. తర్వాతి రోజుల్లో వచ్చిన పెట్టెల్లో పిడి లాగితే లోపలి స్ప్రింగు విడుతూ ఒక పళ్ళ చక్రాన్ని తిప్పుతుంది. ఆ పళ్ళు ఎన్నిసార్లు తగిలితే స్టేషన్లలో గంట అన్నిసార్లు మోగుతుంది. 23వ పెట్టె అయితే రెండు దెబ్బలు, కాస్త ఆగి మూడు దెబ్బలు. పడుకున్న మనిషి కళ్ళు తెరవకముందే లెక్కపెట్టి ఎక్కడికి పోవాలో తెలుసుకుంటాడు. పిడి లాగినవాడు ఏ భాష మాట్లాడినా ఫర్వాలేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మా సరిహద్దు దగ్గర దీంతో పని పడుతుంది.

ఇంత మంచి పెట్టె ఉన్న ఊరు కూడా కాలిపోయింది. 1872 నవంబరు 9 శనివారం సాయంత్రం సమ్మర్ స్ట్రీట్‌లో ఒక గోదాములో మంట పుట్టి మర్నాటికి 776 భవనాలు బూడిదయ్యాయి. ఆ నెలల్లో అమెరికా అంతటా గుర్రాలకి జబ్బు చేసింది. ఆవిరి పంపుల్ని లాగే గుర్రాలు లేక మనుషులే తాళ్ళు పట్టి లాక్కెళ్ళారు. ఉత్తుత్తి గంటలు కొడతారని పెట్టెలకి తాళాలు వేసి ఉంచారు, ఆ తాళంచెవులు పోలీసుల్లాంటి కొద్దిమంది దగ్గరే ఉండేవి. నీటి గొట్టాలు సన్నవి. ఫైర్ చీఫ్ జాన్ డామ్రెల్ అంతకుముందు ఏడాది కాలిపోయిన షికాగో చూసొచ్చి, మనకీ ఇదే గతి పడుతుంది, పెద్ద గొట్టాలు వేయండి అని ఊరి పెద్దలకి చెప్పాడు. వాళ్ళు పట్టించుకోలేదు. ఆ మాట వింటూంటే మా వరసలో గుమ్మం ముందు నిలబడ్డ పెద్దలు గుర్తొచ్చారు.

మళ్ళీ 1942 నవంబరు 28. కోకోనట్ గ్రోవ్ అని ఒక నైట్‌క్లబ్బు. గుడ్డతో చేసిన తాటిచెట్లు, కొబ్బరిచెట్లు, పైకప్పుకి గుడ్డలు, అదీ అలంకరణ. లోపల పట్టేది 460 మంది, ఆ రాత్రి దాదాపు వెయ్యి మంది ఉన్నారు. పక్క వీధిలో కారుకి అంటుకుందని వచ్చిన ఫైర్‌మెన్ క్లబ్బు లోంచి పొగ రావడం చూశారు. ముందు వైపు గిరగిరా తిరిగే తలుపు. జనం తోసేసరికి అది ఇరుక్కుపోయింది. పక్క తలుపులు కొన్నిటికి తాళాలు, ఎందుకంటే బిల్లు కట్టకుండా జారుకుంటారని. ఇంకొన్ని లోపలికి తెరుచుకునేవి, వెనకనుంచి జనం నెడుతుంటే వాటిని లాగడం ఎవరి తరం? 492 మంది చనిపోయారు. ఆ తర్వాతే తిరిగే తలుపు పక్కన బయటికి తెరుచుకునే మామూలు తలుపు ఉండాలనీ, జనం చేరే చోట తొందరగా అంటుకునే అలంకరణలు పెట్టకూడదనీ గట్టి రూల్స్ వచ్చాయి. ఈరోజు మన కల్యాణ మండపంలో తలుపు బయటికి తెరుచుకుంటోందంటే దాని వెనక ఆ రాత్రి కూడా ఉంది.

నేను ముప్ఫై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పాను. పిల్లలకి రూలు చెప్తే మర్చిపోతారు, ఆ రూలు ఎలా పుట్టిందో చెప్తే ఇంటికెళ్ళి అమ్మానాన్నలకి కూడా చెప్తారు. మన దగ్గర అగ్ని ప్రమాదాల రూల్స్ ఎవరూ పట్టించుకోరని అందరం అంటాం. మెట్ల కింద సామాను, షట్టరుకి బయట తాళం, ఎక్స్‌పైరీ అయిన ఎర్ర సిలిండరు. మనుషులు చెడ్డవాళ్ళు కాబట్టి ఇలా ఉందని నేను నమ్మను. రూలు మన దగ్గరికి ఒక సర్టిఫికెట్‌గా, ఒక ఫీజుగా, ఒక సంతకంగా వచ్చింది. దాని వెనక చచ్చిపోయినవాళ్ళు మన దాకా రాలేదు. అందుకే మాలాంటి చిన్న ఊరికి కూడా అగ్నిమాపక మ్యూజియం కావాలంటున్నాను. కనీసం ఒక గది.

మన దేశంలో ఫైర్ సర్వీస్‌కి క్యాలెండర్లో ఒక రోజు ఉంది, ఏప్రిల్ 14. ఆ వారం అంతా మా ఊళ్ళో కూడా ఫైర్‌వాళ్ళు కరపత్రాలు పంచుతారు, బళ్ళలో మంట పెట్టి ఆర్పి చూపిస్తారు. ఆ రోజే ఎందుకు? 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికీన్ అనే ఓడ తగలబడింది. అందులో దూది బేళ్ళు, సుమారు 1,400 టన్నుల పేలుడు సామగ్రి, బంగారు కడ్డీలు ఉన్నాయి. మంట ఆర్పుతుండగా సాయంత్రం నాలుగు దాటాక ఓడ పేలింది. 66 మంది ఫైర్‌మెన్ పోయారు. దూదీ, పేలుడు మందూ ఒకే ఓడలో! ఈ ఒక్క ముక్క చెప్తే ఎనిమిదో తరగతి పిల్లాడు కూడా ఇంటికెళ్ళి కిరసనాయిలు డబ్బాని గడ్డివాము పక్కనుంచి తీసి దూరంగా పెడతాడు. కరపత్రంలో మాత్రం 'అప్రమత్తంగా ఉండండి' అని ఉంటుంది.

మా ఒడిశా సంగతే చూడండి. 1997 ఫిబ్రవరిలో బారిపదలో ఒక ఆధ్యాత్మిక సమ్మేళనంలో మంట లేచి 200 మందికి పైగా పోయారు. దక్షిణాదిలో 2004 జులై 16న తమిళనాడులోని కుంభకోణం అనే ఊళ్ళో ఒక బడి గడ్డి కప్పు అంటుకుని 94 మంది పిల్లలు పోయారు. కుంభకోణం తర్వాత బడుల మీద గడ్డి కప్పులు తీయించారు, నేను పనిచేసిన బడిలో సైకిల్ షెడ్డు తాటాకులు కూడా అప్పుడే తీశారు. ఆ రోజు పిల్లలు ఎందుకు సార్ అని అడిగితే నేను చెప్పగలిగాను. ఇప్పటి పిల్లలకి చెప్పేవాళ్ళు ఎవరు?

ఇక మా సరిహద్దు సంగతి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఇటు వచ్చింది, పాతపట్నం అటు ఉండిపోయింది. పెళ్ళిళ్ళు, సంతలు, అప్పులు, గొడవలు అన్నీ రెండు వైపులా కలిసే నడుస్తాయి. ఫైర్ సర్వీస్ మాత్రం ఏ రాష్ట్రానిది ఆ రాష్ట్రానిదే.

మా చెల్లెలిది ఆంధ్రా వైపు ఊరు, మా ఇంటి నుంచి సైకిలు మీద వెళ్ళొచ్చు. కొన్నేళ్ళ కిందట ఒక రాత్రి వాళ్ళ పశువుల శాల పక్కన గడ్డివాము అంటుకుంది. చెల్లెలి కొడుకు 101కి చేశాడు. ఆ ఫోను ఏ టవరు పట్టుకుందో, ఎటు తీసుకెళ్ళిందో, అవతల ఒడియాలో మాట్లాడారు. వాడికి ఒడియా రాదు. 'అగ్గి, అగ్గి' అని అరిచాడు. వాళ్ళకి ఊరి పేరు అర్థమయ్యేసరికి, అది మా పరిధి కాదు, అటువైపు చెయ్యండి అన్నారు. వాడు నాకు చేశాడు. "మావయ్యా, ఎవరికి చెప్పాలో తెలీటం లేదు" అని ఏడుస్తున్నాడు. నేను ఇటు ఒకరికి చేశాను, అటు ఒకరికి చేశాను. బండి వచ్చింది, రాలేదని అనను. వచ్చినవాళ్ళు ప్రాణాలకి తెగించి పనిచేశారు కూడా. కానీ అప్పటికి రెండు ఆవులు, ఒక పెయ్య పోయాయి. కట్టుతాళ్ళు కోసే టైము లేకపోయింది. ఆ పెయ్య పేరు మా మేనకోడలు ఇప్పటికీ పలకదు.

బోస్టన్‌లో ఆ పెద్దాయన నాకు బాల్టిమోర్ కథ చెప్పాడు. 1904 ఫిబ్రవరిలో ఆ ఊరు తగలబడుతుంటే వాషింగ్టన్ నుంచి రైల్లో ఫైరింజన్లు ఎక్కించి పంపారు. అవి దిగాయి, మనుషులు దిగారు, గొట్టాలు విప్పారు. బాల్టిమోర్ నీటి కుళాయికి వాషింగ్టన్ గొట్టం బిగుసుకోలేదు. మరలు వేరు. ఊరు కళ్ళ ముందే కాలింది, 1,500కి పైగా భవనాలు. ఆ తర్వాత దేశమంతటికీ ఒకే మర కావాలని ప్రమాణం రాసుకున్నారు. మన దేశంలో ఆ చిక్కు లేదు. ఐఎస్ 903 అనే ప్రమాణం ఉంది, 63 మిల్లీమీటర్ల కప్లింగు, అంటే గొట్టాలు కలిపే ఇత్తడి బిగింపు, ఒడిశా బండిదీ ఆంధ్రా బండిదీ టక్కున ఒకదాంట్లో ఒకటి కూర్చుంటాయి. ఇత్తడికి దొరికిన ఆ కలయిక ఫోన్లు ఎత్తేవాళ్ళకి దొరకలేదు. సరిహద్దు మండలాలకి ఇద్దరూ కలిసి ఒక ఏర్పాటు చేసుకోవాలి. ఏ ఊరు ఎవరికి దగ్గరైతే వాళ్ళే ముందు బయల్దేరాలి, పరిధి లెక్కలు తర్వాత చూసుకోవచ్చు. ఫోన్ ఎత్తే చోట తెలుగు, ఒడియా రెండూ వచ్చిన మనిషి ఉండాలి. మా దగ్గర అలాంటి మనుషులు వీధికి పదిమంది దొరుకుతారు. సవర భాష కూడా వస్తే ఇంకా మంచిది, కొండ మీద ఊళ్ళు వాళ్ళవే.

ఇక్కడ గిడుగు రామమూర్తి పంతులు గారిని తలుచుకోకుండా ఉండలేను. ఆయన పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవరల భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లలకి వాళ్ళ మాటల్లోనే చదువు చెప్పించాలని చూశారు. వందేళ్ళు దాటినా ఆయన నడిచిన ఊళ్ళో మంటల గురించి హెచ్చరిక బోర్డు సవరలో నాకు ఒక్కటీ కనిపించలేదు.

ఫైర్‌వాళ్ళ మీద నాకున్న గౌరవం కూడా చెప్పాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి మా మీదికి వచ్చింది. అటు ఉద్దానంలో కొబ్బరిచెట్లు, ఇటు గజపతి జిల్లాలో కొండచరియలు. రోడ్ల మీద పడ్డ చెట్లని రంపాలతో కోసి దారి తీసినవాళ్ళలో ఈ ఖాకీ మనుషులు ముందున్నారు. మా దగ్గర ఒడియాలో దమకళ అంటారు, తెలుగువాళ్ళం కూడా ఆ మాటే వాడేస్తాం. దమకళ వచ్చిందంటే ధైర్యం వచ్చిందని అర్థం. వాళ్ళ హెల్మెట్టు ఒక్కటి కూడా ఏ అద్దాల బీరువాలోనూ లేకపోవడం నాకు బాధగా ఉంది.

ఈ గది ఆలోచన చెప్తే నా స్నేహితుడొకడు, మాజీ బ్యాంకు ఉద్యోగి, గట్టిగా అడ్డం తిరిగాడు. "మ్యూజియానికి పెట్టే డబ్బుతో ఇంకో నీళ్ళ బండి కొనొచ్చు కదరా" అన్నాడు. న్యాయమైన మాటే. బండీ కావాలి. కానీ నేను అడుగుతున్న గదికి బండి ఖర్చులో వందో వంతు కూడా కాదు. బోస్టన్‌లో ఆ తలుపులు రోజూ తెరుచుకోవు. కూర్చునేది రిటైరైనవాళ్ళు. మా ఊళ్ళో రిటైరైన ఫైర్‌మెన్ లేరా? పక్కన పెట్టేసిన ఇత్తడి నాజిళ్ళు, కేన్వాస్ గొట్టాలు, చేత్తో తిప్పే సైరన్లు పాత ఇనుము కింద తూకానికి పోకుండా ఆపితే చాలు, సగం మ్యూజియం తయారైనట్టే. మిగతా సగం మా ఇళ్ళల్లో ఉంది, కొడవళ్ళు, బిందెలు, దోటీలు.

"చావుల కథలు చూపించి పిల్లల్ని భయపెడతావా" అని కూడా అన్నాడు. బోస్టన్‌లో ఒక ఎనిమిదేళ్ళ పిల్ల ఆ పెట్టె పిడి లాగి గంట దెబ్బలు లెక్కపెడుతూ కనిపించింది. తప్పు లెక్కపెట్టింది, మళ్ళీ లాగింది, ఈసారి సరిగ్గా చెప్పింది. ఆ పిల్ల ముఖంలో భయం లేదు. నాకు ఏడేళ్ళప్పుడు భయం వేసింది, ఎందుకంటే అమ్మమ్మ మా ఇంటిని ఎందుకు లాగేస్తోందో నాకు ఎవరూ ముందు చెప్పలేదు.

అమెరికా నుంచి వచ్చాక అమ్మమ్మ ఊరు వెళ్ళాను. ఇప్పుడు అన్నీ స్లాబు ఇళ్ళు. దోటి కోసం అడిగితే మావయ్య కొడుకు పశువుల శాల వాసాల మీంచి దించి ఇచ్చాడు. వెదురు మార్చారు, కొక్కెం మాత్రం పాతదే, ఒక పక్క వంగి ఉంది. అది ఇప్పుడు మా వరండాలో ఉంది, గది దొరికేదాకా అక్కడే ఉంటుంది. ఆ ఊరి పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని ఒక నోటు పుస్తకంలో ఆ రోజు కాలిన వరస రాస్తున్నాను, ఏ ఇల్లు తర్వాత ఏ ఇల్లు, ఎవరింట్లో ఏం పోయింది. ఇరవై రెండు ఇళ్ళు కుదిరాయి. అమ్మమ్మ ఇంటికి ముందు, చివరగా కాలిన ఇల్లు ఎవరిదో ఇంకా తేలలేదు. వాళ్ళు ఆ ఏడాదే ఊరు వదిలి బరంపురం వైపో, రాయగడ వైపో వెళ్ళిపోయారని కొందరు అంటున్నారు. మగ్గం ఉండేదని ఒకామె చెప్పింది. వాళ్ళ పిల్లలో మనవలో ఇది చదివితే నాకు చెప్పండి, ఆ వరుసలో చోటు ఖాళీగా ఉంచాను.